కత్తెర పేజీ పక్కన నా పేజీ

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నాకు నవ్వు తప్ప అన్నీ వచ్చేవి. ముఖ్యంగా ఏడుపు. మనకు బాగలేనందుకు వచ్చే ఏడుపు కాదు, పక్కవాళ్లు బాగున్నందుకు వచ్చే ఏడుపు. తిరుపతిలో ఒక దినపత్రిక జిల్లా ఆఫీసులో పేజీలు పెట్టే ఉద్యోగం నాది. అంటే వార్తలు రాయడం కాదు. విలేకరులు పంపిన వార్తలూ ఫోటోలూ ముందేసుకుని, ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి, ఏ ఫోటో పెద్దదిగా వెయ్యాలి, ఏది అసలు వెయ్యకూడదు అని కంప్యూటర్ మీద పేజీని అమర్చడం. (ఐరాల దగ్గర మా పల్లెలో మాత్రం 'మా పాప పేపరోళ్ల కాడ టైపు కొడతాది' అనే చెప్పుకునేవాళ్లు. ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా నా ఉద్యోగం టైపు దాటి పైకి రాలేదు.) మా ఊళ్లో డిగ్రీ చదివి, ప్యాంటు షర్టు వేసుకున్న మగపిల్లల మధ్య కూర్చుని పని చేసే మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, ప్రపంచంలో నన్ను మించిన పేజీ పెట్టే మనిషి ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం నా పక్క సీటు నిండేదాకా బాగానే నిలిచింది.

పక్క సీటులోకి వచ్చింది కాళహస్తి అమ్మాయి. నాకన్నా వెనక చేరింది, నాకన్నా చిన్నది, నాకన్నా సన్నగా ఉండేది. ఈ మూడూ నేను క్షమించేసేదాన్నే. కానీ వచ్చిన వారానికే ఆమెకు 'కత్తెర' అని పేరు పడిపోయింది. ఎంత పెద్ద ఫోటో ఇచ్చినా అందులో అక్కర్లేని ఆకాశం, అక్కర్లేని గోడ, అక్కర్లేని నాయకుడి పక్కనుండే మరీ అక్కర్లేని నాయకులు, అందరినీ కత్తిరించేసి, మిగిలిన చిన్న ముక్కను తెచ్చి పేజీ నడిబొడ్డున పెద్దదిగా పెట్టేది. అది చూస్తే ఆ వార్త చదవకుండా ఎవరూ పేజీ తిప్పలేరు. నేను మాత్రం ఎవరినీ కత్తిరించేదాన్ని కాదు. ఫోటోలో ఉన్న ప్రతి తలా ఒక పేపరు కొంటుందని సర్క్యులేషన్ మామ ఒకసారి నాతో అన్నాడు, నేనది మంత్రోపదేశంలా పట్టుకున్నాను. రిబ్బను కత్తిరించే ఫోటో వస్తే, రిబ్బను పట్టుకున్న వాళ్లూ, పళ్లెం పట్టుకున్న వాళ్లూ, వెనక నుంచి మెడ చాచిన వాళ్లూ అందరూ నా పేజీలో క్షేమంగా ఉండేవాళ్లు. కనబడేవాళ్లు కాదు గానీ, ఉండేవాళ్లు.

అన్నిటికంటే కష్టం ఏమిటంటే కత్తెర మంచి మనిషి. నా డబ్బాలో ఊరగాయ అయిపోతే తన డబ్బాలోది తీసి వేసేది. "అక్కా, నీ హెడ్డింగు నిండా బాగుండాదక్కా" అని నిజంగానే మెచ్చుకునేది. ఆమె కొంచెం పొగరుగా, కొంచెం చెడ్డగా ఉండి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో! ఆమెను తిట్టడానికి ఒక్క కారణమూ దొరక్క, తిట్టుకోవడానికి నేనే మిగిలేదాన్ని.

మా ఇన్‌ఛార్జిని అందరం స్కేలు సార్ అనేవాళ్లం. కంప్యూటర్లు వచ్చి ఎంతకాలమైనా, చేతిలో ఇనుప స్కేలు లేకుండా ఆయన కనిపించేవాడు కాదు. ప్రింటయిన పేజీ ముందేసుకుని, ఫోటో మీద స్కేలు ఆనించి, 'ఇది ఇంత ఎందుకు ఉండాది? ఇంకొంచెం ఎందుకు లేదు?' అని అడిగేవాడు. ప్రతి ఉదయం అంతకుముందు రోజు పేజీల్లో తనకు నచ్చినదాన్ని మంచినీళ్ల క్యాను పక్క గోడకు అంటించేవాడు. అక్కడ రోజూ కత్తెర పేజీయే. దాహమేసి నీళ్లకు వెళితే ఆ పేజీ నన్ను చూసేది. నేను నీళ్లు తాగడం తగ్గించేశాను. ఒకే ఒక్కసారి నా పేజీ అంటించాడు. మధ్యాహ్నానికల్లా ఏసీ నుంచి నీళ్లు కారి, ఆ పేజీలో కలెక్టరు మొహం మీదుగా కిందికి జారి, సాయంత్రానికి స్వీపరమ్మ దాన్ని చుట్టి బుట్టలో వేసేసింది. మర్నాడు అదే గోడ మీద కత్తెర పేజీ పెడితే ఏసీ చక్కగా పనిచేసింది.

మా ఫోటోగ్రాఫర్ వయసులో పెద్దవాడు. అందరం ఫోటో మామ అనేవాళ్లం. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్ను పట్టుకున్నాను. "మామా, మంచి ఫోటోలన్నీ ఆ పాపకే దాచిపెట్టి ఇస్తావా? నాకు పనికిరానివి పడేస్తావా?" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఏందమ్మే అట్ల మాట్లాడతావు? అందరికీ ఒక ఫోల్డరే గదా. నువ్వు తెరిచేదీ అదే, ఆ పాప తెరిచేదీ అదే" అన్నాడు. నిజమే. మొన్న తాగునీటి కరువు వార్తకు ఆ ఫోల్డరులోంచి నేను అధికారులు ఎండిన బోరును వేలితో చూపిస్తున్న ఫోటో తీశాను. కత్తెర అదే ఫోల్డరులోంచి, ట్యాంకరు కోసం కూర్చుని కూర్చుని, బోర్లించిన బిందె మీద తల పెట్టి నిద్రపోయిన ముసలమ్మ ఫోటో తీసింది. ఆ ఫోటో నేనూ చూశాను. నిద్రపోతున్న మనిషిని పేపర్లో ఏం వేస్తాం, మర్యాదగా ఉండదు అని దాటేశాను. మర్నాడు గోడ మీద ఆ ముసలమ్మ నిద్రపోతూనే ఉంది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఇది చాలదన్నట్టు మా నాయన. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన పేపరు కొనడం మొదలుపెట్టాడు. చదివి, టీ అంగట్లో పదిమందికి చూపించి, నాకు ఫోన్ చేసేవాడు. "పాపా, ఈపొద్దు బిందె మీద నిద్రపోయే అవ్వ బొమ్మ వచ్చిందే, నిండా బాగుండాది. సూసినోళ్లందరూ ఉసూరుమన్యారు. నువ్వే గదా పెట్టింది?" అనేవాడు. నేను "హలో... హలో... నాయనా, సిగ్నల్ లేదు" అనేదాన్ని. ఆ రోజుల్లో మా ఆఫీసు చుట్టుపక్కల సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండేది.

ఇలా నేను ఎండిపోతున్న రోజుల్లో, స్కేలు సార్ అందరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. ఇకనుంచి ప్రతి ఆదివారం జిల్లా మీద ఒక ప్రత్యేక పేజీ వస్తుందట. ఒక ఊరు, ఒక పని, అక్కడి మనుషులు. యాడ్లు తక్కువ, ఫోటోలకు కావలసినంత చోటు. దానికి ఒకే మనిషి బాధ్యురాలు. ఆ పేజీ కింద పేరు కూడా వేస్తారు! పేజీలు పెట్టేవాళ్ల పేరు పేపర్లో రావడం మా ఆఫీసులో అంతకు ముందు లేదు. మా నాయన ఆ పేరు కింద గీత గీసి టీ అంగట్లో పెట్టుకుంటాడని నాకు కళ్లకు కట్టింది. "మీరిద్దరూ చెరొక పేజీ పెట్టండి. రెండూ ఒకే ఆదివారం ఎదురెదురుగా వేస్తాం. ఎవరిది నిలిస్తే వాళ్లకు" అన్నాడు స్కేలు సార్. కత్తెరకు పుత్తూరు ఎముకల కట్టు ఇచ్చాడు. నాకు మా ఐరాల బెల్లం గానుగ. నా ఊరు, నా మనుషులు, నా బెల్లం. దేవుడు ఉన్నాడనుకున్నాను.

ఫోటో మామను తీసుకుని మా ఊరికి వెళ్లేసరికి దేవుడికన్నా ముందు మా నాయన సిద్ధంగా ఉన్నాడు. 'మా పాప పేపరోళ్లను పిల్చుకొస్తాది, అందురూ ఉండాల' అని ఊరంతా చెప్పాడు. గానుగ దగ్గర మా వాళ్లంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలకు నూనె రాసుకుని, చేతికి గడియారం పెట్టుకుని వరసగా నిలబడ్డారు. పానకం కాగే పెనం మాత్రం ఒంటరిగా ఉడుకుతోంది. "ఎవురూ కదలగాకండి! కండ్లు మూయగాకండి! మా పాపకు బొమ్మ బాగా రావాల" అని మా నాయన అరిచాడు. ఎవరూ కదల్లేదు. పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసే మనిషి కూడా కదల్లేదు కాబట్టి అంతసేపూ పానకం పాకానికి రాలేదు. ఫోటో మామ తలపట్టుకుని, "అప్పా, మీ పని మీరు సేసుకోండప్పా, నన్ను మర్సిపోండి" అని బతిమాలాడు. మా పెదనాయన ససేమిరా అన్నాడు. పని చేస్తే చొక్కా నలుగుతుందట.

అందరూ అలిసిపోయి చెదిరాక, మామ ఇంకో ఫోటో తీశాడు. మా వరసకు అవ్వయ్యే ఒకావిడ, చెంగు నడుముకు దోపుకుని, వేడి వేడి బెల్లం పాకాన్ని ఆకు మీద కొంచెం వేసుకుని, ఊదుకుంటూ, కళ్లు మూసుకుని నాలిక మీద పెట్టుకుంటోంది. పాకం కుదిరిందో లేదో ఆ నాలికే చెప్పాలి. మొహమంతా చెమట, పొయ్యి వెలుగు ఆ చెమట మీద. "ఇది సూడమ్మే" అని మామ కెమెరా వెనక చూపించాడు. చూశాను. కెమెరా ఆయన చేతిలోంచి లాక్కుని మళ్లీ చూశాను. కానీ వెంటనే, అయ్యో, అవ్వ చిరుగు రవిక కనబడుతుందే, రేపు పేపర్లో చూసి వాళ్ల కోడలు నాతో మాట్లాడుతుందా, అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం పక్కపక్కన కూర్చుని పేజీలు మొదలుపెట్టాం. నేను ఎవరినీ వదులుకోలేకపోయాను. పెదనాయన గడియారం కోసమైనా ఉండాలి. చెరకు తోలించిన మేనమామ లేకపోతే పండక్కి బట్టలు పెట్టడు. పెనం, గానుగ, అచ్చులు, ఎడ్లు లేవు గానీ ఎడ్లను కట్టే గుంజ, అన్నీ పెట్టాను. అవ్వ కింద మూలన, తపాలా బిళ్లంత. పేజీ నిండుగా ఉంది. ఒక్క చోట కూడా ఖాళీ లేదు. తృప్తిగా ఒళ్లు విరుచుకుని పక్కకు చూశాను. కత్తెర తెర మీద ఒకే ఒక్క ఫోటో ఉంది. పుత్తూరులో చేతికి పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి కట్టు కట్టించుకుంటున్న నడివయసు మనిషి. నొప్పికి మొహం ముడుచుకుని, అదే సమయంలో ఎవరో ఏదో అంటే నవ్వేస్తున్నాడు. ఏడుపూ నవ్వూ ఒకే మొహంలో. ఆ ఫోటోను పేజీలో సగానికి పైగా పెట్టింది. చెయ్యి, కట్టు, బద్దలు ఏవీ నాకు కనబడలేదు, ఆ సైజు ఒక్కటే కనబడింది. ఇంతలో మా యాడ్ల మేనేజరు దగ్గర నుంచి ఒక బట్టల అంగడి యాడ్ వచ్చి పడింది, అదీ ఆమె పేజీకి. లోపల లోపల నేను ఆ బట్టల అంగడికి దండం పెట్టుకున్నాను. కత్తెర "అయ్యో" అనుకుని, ఫోటోను ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి, ఏదో సర్ది, టైము లోపల పేజీ పంపేసింది.

ఆదివారం పొద్దున్నే నాయన ఫోన్. "పాపా, పేజీ వచ్చింది. మనోళ్లందరూ ఉండారంట. మీ మేనమామ తన మొగం యాడుండాదో ఎతుకతా ఉండాడు, దొరకలా. మీ పెదనాయన గడియారం దొరికింది, ఆయన దొరకలా. అద్దాలు పెట్టుకోని సూస్తా ఉండారు." గొంతు తగ్గించి, "ఎదురు పేజీలో చేతికి కట్టు కట్టించుకునే ఆయన ఉండాడే, ఆయప్ప ఎవురు? అందురూ ఆ పేజీనే సూస్తా ఉండార్లే" అన్నాడు. సిగ్నల్ పోయింది.

సోమవారం నేను వెళ్లేసరికి ఆఫీసులో ఆ మనిషే నిలబడి ఉన్నాడు. పేజీలోంచి లేచి వచ్చినట్టు, చేతికి అదే కట్టుతో. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీ డ్రైవరట. చేతిలో మా పేపరు. "సార్, ఈ బొమ్మలో ఉండేది నేనే" అన్నాడు స్కేలు సార్‌తో. "సంతోషమప్పా, కూర్చో" అన్నాడు సార్. "కూసోను సార్. నాకు ఇరిగింది కుడిచెయ్యి. ఇదో సూడండి. మీ పేపర్లో ఎడమచేతికి కట్టుండాది. మా మేనేజరు పేపర్ సూసి, 'ఏమప్పా, కుడిచెయ్యి ఇరిగిందని లీవు పెడితివి, పేపర్లో ఎడమచేతికి కట్టుకోని నవ్వతా ఉండావే, నాతో నాటకాలా' అంటాడు. మామిడికాయల సీజను సార్ ఇది. రేపటికల్లా రాకపోతే ఇంకో డ్రైవరును పెట్టుకుంటానన్నాడు. మాయమ్మ కూడా పేపర్ సూసి, వీడు మావాడు కాదు, మావాడికి మచ్చ ఈ బుగ్గన ఉండాది, అంటా ఉండాది."

ఆఫీసంతా ఒకసారి పేపరు చూసింది, ఒకసారి ఆయన చెయ్యి చూసింది. ఫోటో మామ కెమెరా తెచ్చి అందులో అసలు ఫోటో చూపించాడు. అందులో కుడిచెయ్యే. కత్తెర మొహం పాలిపోయింది. "నేనే తిప్పినా సార్" అంది. "ఫోటో ఎడమ పక్కన పెట్టినప్పుడు ఆయన పేజీ లోపలికి చూస్తా ఉండె. యాడ్ వచ్చిందని కుడిపక్కకు జరిపితే మొగం బయటికి తిరిగింది. మనిషి బయటికి చూస్తే చదివేవాళ్ల చూపు కూడా బయటికి పోతాది గదా అని, అద్దంలో మాదిరి తిప్పేసినా. చెయ్యి మారిపోతాదని తోచలేదు సార్." పేజీలు పెట్టేవాళ్లు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. మొహం ఏ దిక్కుకు చూస్తోందో చూసి, చెయ్యి ఏ చెయ్యో చూడకపోవడం.

స్కేలు సార్‌కు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "పెళ్లి ఆల్బంలో తిప్పుకో, ఎవరూ అడగరు. వార్తలో ఫోటో అంటే ఆ మనిషి మనకిచ్చిన మాట. దాన్ని తిప్పినావంటే ఆయన చెప్పింది తిరగేసి రాసినట్టే. మొగం బయటికి చూస్తే పేజీ మార్చుకో, మనిషిని మార్చగాకు!" అని స్కేలుతో బల్ల మీద కొట్టాడు. కత్తెర తల వంచుకుని నిలబడింది. నేనూ తల వంచుకున్నాను. బాధతో అనుకునేరు, మొహంలో వెలుగు కనబడకూడదని. ఇన్నాళ్లకు! ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ క్షణంలో నా పేరు ఆదివారం పేజీ కింద అచ్చయిపోయింది, నాయన గీత కూడా గీసేశాడు. (అదే సమయంలో కత్తెర కళ్లలో నీళ్లు చూసి నా కర్చీఫ్ తీసి ఇచ్చాను. నేనూ మరీ అంత చెడ్డదాన్ని కాదు. మెల్లగా ఇచ్చాను, అంతే.)

స్కేలు సార్ అక్కడికక్కడే ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేసి, తప్పు మాదేనని ఒప్పుకుని, అసలు ఫోటోను ఫోనులో పంపించి, రేపటి పేపర్లో సవరణ వేస్తామన్నాడు. అవతల మేనేజరు మెత్తబడ్డాడు. డ్రైవరు కూడా మెత్తబడి, ఈసారి చెప్పకుండానే కూర్చుని టీ తాగాడు. తాగి కూడా లేవలేదు. "ఇంకేమప్పా?" అన్నాడు సార్. ఆయన సిగ్గుపడుతూ, "సార్, ఆ బొమ్మ ఒకటి పెద్దది ఇప్పిస్తారా? పటం కట్టించుకుంటా" అన్నాడు. "దానికేం, అసలుది ఇప్పిస్తాం." "అసలుది వద్దు సార్. పేపర్లో వచ్చిందే కావాల. మాయమ్మ కాదనింది, నా పెండ్లాం కాదనింది గానీ, నాకు మాత్రం అదే నేను సార్. పెండ్లి ఫోటోలో కూడా నేను ఎవురి మాదిరో ఉంటా. దీంట్లోనే నా మాదిరి ఉండా." ఫోటో మామ పకపకా నవ్వాడు. "ఎందుకుండవప్పా! రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో నువ్వు సూసుకునే మొగం అదే గదా. మేమంతా నిన్ను ఇటు పక్క నుంచి సూస్తాం, నువ్వొక్కడివే అటు పక్క నుంచి సూసుకుంటావు." అందరూ నవ్వారు. కత్తెర కూడా కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నా కర్చీఫ్‌తో! తప్పు చేసి కూడా మెప్పు సంపాదించిన మనిషిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. నేను ఒక్క అచ్చుతప్పు చేస్తే సర్పంచులు ఫోన్ చేసి తిట్టేవారు, ఒక్కడూ పటం కట్టిస్తానన్న పాపాన పోలేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. స్కేలు సార్ నా పేజీ తీసి డ్రైవరు ముందు పెట్టాడు. "దీంట్లో ఏం కనబడతా ఉండాది, చెప్పప్పా." ఆయన పేపరును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "జనం ఉండారు సార్." "ఏం చేస్తా ఉండారు?" "నిలబడుకోని ఉండారు. రేషన్ షాపు కాడ అనుకుంటా." "ఇవేంటివి?" అని సార్ బెల్లం అచ్చుల మీద స్కేలు పెట్టాడు. "ఇటికెలు గదా సార్. బట్టీ కాడ రేషన్ ఇస్తా ఉండారేమో" అన్నాడు ఆయన, అమాయకంగా. మా ఐరాల బెల్లాన్ని ఇటుకలన్న మొదటి మనిషి ఆయనే. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ మాట ఆఫీసులోనే ఉండిపోయింది.

స్కేలు సార్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. బెల్లం ఫోల్డర్ తెరిచి, ఫోటోలన్నీ తెర మీద పరిచాడు. "ఇందులో ఒక్కటి తియ్యి" అన్నాడు. నేను పెదనాయన గురించి మొదలుపెట్టాను. "బంధువులు వద్దు. ఒక్కటి" అన్నాడు. అన్నీ కావాల్సినవే సార్, అన్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన స్కేలు పక్కన పెట్టి, నిదానంగా, "సరే, ఇట్లా అనుకో. ఈ ఫోల్డర్ నీకు ఇయ్యలేదు. కత్తెరకు ఇచ్చినాం. దీంట్లో ఏ ఫోటో ఆ పాప పెద్దది చేసి పెట్టుంటే, నీకు ఆ పూట అన్నం సహించదో, అది చూపించు" అన్నాడు.

నా వేలు నన్ను అడగకుండానే పోయి అవ్వ మీద ఆగింది. కళ్లు మూసుకుని, ఆకు మీద బెల్లాన్ని నాలికకు అందించుకుంటున్న అవ్వ. సార్ దాన్ని తెర నిండా పెద్దది చేశాడు. చెమట, పొయ్యి వెలుగు, చిరుగు రవిక, ఆ నోట్లో కరిగే తీపి, అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి. కత్తెర వెనక నుంచి వచ్చి చూసి, "అక్కా, ఇది యాడ దాచిపెట్టినావక్కా!" అంది. నాకు చిరుగే కనబడిన చోట వాళ్లందరికీ బెల్లం కనబడింది. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. నా అసూయ సంగతి ఆఫీసంతటికీ తెలుసన్నమాట. అది బయటపడకుండా దాచుకున్నాననుకున్నది నేనొక్కదాన్నే.

స్కేలు సార్ తీర్పు చెప్పేశాడు. "ఆదివారం పేజీ కత్తెర పెడతాది. ఫోటో మాత్రం నువ్వు ఏరాల. నువ్వు ఏరింది ఆ పాప తిప్పకూడదు, కత్తిరించాలంటే నిన్ను అడగాల. నీకు కన్ను లేక కాదమ్మా. మంచి ఫోటో మొదట తెలిసేది నీకే. తెలిసి భయపడి పక్కన పెడతావు. ఇంక భయపడాల్సిన పని లేదు, మండితే చాలు." పేరు ఒకరిదే వేస్తామన్నారు, అది కత్తెరది. ఆ సాయంత్రం హాస్టలుకు నడిచి వెళుతూ, గెలిచానో ఓడానో తెలియక దారి పొడవునా ఏడ్చాను. ఓడినట్టే ఎక్కువగా అనిపించింది.

మొదటి ఆదివారం తిరుమల. ఫోల్డర్ నిండా గోపురాలు, క్యూలైన్లు, లడ్డూలు. వెతుకుతూ ఉంటే ఒకచోట గుండె కలుక్కుమంది. కొండ దిగే బస్సులో, అప్పుడే గుండ్లు చేయించుకున్న ఒక కుటుంబం. అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలు. ఒకరి తలకాయలు ఒకరు తడుముకుని, గుర్తుపట్టలేక పడీ పడీ నవ్వుతున్నారు. కత్తెర దీన్ని పేజీ అంతా వేస్తే నేను బతకలేను అనిపించింది. అదే తీసి ఇచ్చాను. ఆమె పేజీ అంతా వేసింది. నేను బతికాను. పొద్దున్నే నాయన ఫోన్. "బస్సులో గుండోళ్ల బొమ్మ సూసి నవ్వలేక సచ్చినాం పాపా. ఇది నువ్వే గదా?" "అవును నాయనా" అన్నాను, ఫుల్ సిగ్నల్‌తో. "బొమ్మ తీసింది నువ్వా?" "కాదు, ఫోటో మామ." "పేజీ పెట్టింది?" "కత్తెర." నాయనకు లెక్క తేలలేదు. "మరి నువ్వేం సేసినావే?" "ఏరినా నాయనా." "ఏరేదానికి కూడా జీతమిస్తారా!" అని ఆశ్చర్యపోయి, టీ అంగట్లో వాళ్లకు ఆ సంగతి చెప్పడానికి ఫోన్ పెట్టేశాడు.

తర్వాత కత్తెర హైదరాబాదు ఆఫీసుకు వెళ్లిపోయింది. స్కేలు సార్ రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఫోన్ల నుంచి రోజుకు వందల ఫోటోలు వచ్చి పడుతుంటాయి. ఏది వెయ్యాలో తేల్చడానికి నాకు ఒకటే పద్ధతి. ఏది ఇంకొకరి పేజీలో కనబడితే నాకు ఒళ్లు మండుతుందో అదే. కొత్తగా చేరిన పిల్లలు 'మేడమ్ కన్ను గొప్పది' అనుకుంటారు. అది కన్ను కాదని వాళ్లకు ఎట్లా చెప్పేది? పక్క సీటు వైపు దొంగచూపులు చూస్తూ, నీళ్లు కూడా తాగకుండా పంతం పట్టిన ఆ ఐరాల పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పిచ్చిది, మంట ఆరిపోతే మంచిదాన్నవుతానని ఎన్ని మొక్కులు మొక్కుకుందో. దేవుడు వాటిలో ఒక్కటీ వినకపోవడమే మంచిదయింది.

మొన్న కొత్తగా చేరిన ఒక పిల్ల, కూలిపోయిన వంతెన వార్తకు వంతెన ఫోటోనే వెయ్యకుండా, పరీక్షకు పోవడానికి బూట్లు మెళ్లో వేసుకుని ఏరు దాటుతున్న బడిపిల్లను పెద్దదిగా వేసింది. నాకు తోచనే లేదు. ఆ పిల్లను అందరి ముందూ మెచ్చుకుని ఇంటికి వచ్చి, కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"ఏమైంది మే, ఒంట్లో బాగలేదా?" అన్నాడు మా ఆయన.

"మా ఆఫీసులో కొత్త పిల్ల పేజీ పెట్టింది."

"తప్పులు చేసిందా?"

"లేదు. నిండా బాగా పెట్టింది."

"మంచిదే గదా?"

"అదే గదా నా ఏడుపు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అన్నం మాత్రం సగమే తిన్నాను.